ఆరు చుక్కల నుంచి ఆర్కెస్ట్రా దాకా: రొద్రిగోను వినే పద్ధతి

మా ఇంటికి వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఏడాది నిండగానే నేను ఒక పని పెడతాను. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరి చేతిలో కాగితం, పెన్సిలు ఉంటాయి. రెండోవారి చేతిలో ఏమీ ఉండదు. వాయించకూడదు, పాడకూడదు, తొడ మీద తాళం వేసి చూపకూడదు. పిల్లలు తొలుత నేర్చుకునే మలహరి రాగపు గీతంలో మొదటి ఆరక్షరాలను వట్టి మాటలతో చెప్పి ఎదుటివారి చేత రాయించాలి. రాసేవారు ఆ గీతాన్ని ఎన్నడూ విననట్టే ఉండాలి. "మ ప ద స స రి" అనేస్తే సరిపోదు. మధ్యమం ఏ స్థాయిలోదో చెప్పాలి. ఒక్కొక్క స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పాలి. షడ్జమం దగ్గరికి రాగానే పై స్థాయికి వెళ్లామని చెప్పాలి. మొదటి రోజు ఈ చిన్న ముక్కకే పది నిమిషాలు పడుతుంది. పైగా రాసినది వాయించి చూస్తే షడ్జమం కింద పడి ఉంటుంది, ఎందుకంటే చెప్పేవారు స్థాయి మాట మరిచిపోయి ఉంటారు.

అప్పుడు వాళ్లకు చూపులేని స్పెయిన్ స్వరకర్త హొవాకిన్ రొద్రిగో గురించి చెబుతాను. ఆయన 37 ఏళ్ల వయసులో, పారిస్‌లో, ఇరవై నిమిషాలకు పైగా సాగే కన్సెర్టో ఒకటి కూర్చారు. కన్సెర్టో అంటే ఒక వాయిద్యం ముందు నిలిచి, పెద్ద వాద్యబృందం, అంటే ఆర్కెస్ట్రా, తోడుగా వాయించే రచన. దీని పేరు "కన్సెర్టో దె అరన్‌హ్వేత్", ముందు నిలిచేది గిటారు. దానిని బ్రెయిలీలో రాసుకున్నారు. ఆ తర్వాత గిటారుకు, వేణువులకు, ఓబోలకు, వయొలిన్లకు, చెల్లోలకు ఏ స్వరం ఎక్కడ రావాలో, ఎంతసేపు నిలవాలో ఒక్కొక్కటిగా నోటితో చెప్పి, కళ్లున్న మనిషి చేత మామూలు స్వరలిపిలోకి ఎత్తించారు.

మన సంగీతంలో పెరిగి, పాశ్చాత్య సంగీతం దగ్గరికి ఎలా వెళ్లాలో తెలియక ఆగిపోయినవారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. రొద్రిగోను తలుపుగా ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన చదువంతా చెవి, వేలు, జ్ఞాపకం మీదుగా సాగింది. మన చదువూ అంతే. అందువల్ల ఆయన నేర్చుకున్న దారినే కొద్దిగా మనమూ నడిస్తే, ఆయన సంగీతం దానంతట అదే తెరుచుకుంటుంది. నాలుగైదు సాయంత్రాలు, మంచి ఇయర్‌ఫోన్లు, ఒక పెన్సిలు చాలు.

ముందు పేర్లు సరిచేసుకుందాం. ఆయన పేరు జోక్విన్ కాదు, హొవాకిన్. కన్సెర్టోకు పేరిచ్చిన ఊరిని మనవాళ్లు అరాంజ్వెజ్ అంటారు. స్పెయిన్‌లో దాన్ని అరన్‌హ్వేత్ అని పలుకుతారు. మాడ్రిడ్‌కు దక్షిణంగా, తాహో నది ఒడ్డున రాజుల తోటలున్న ఊరు అది. పేరు సరిగా పలకడం చిన్న విషయం కాదు. త్యాగయ్యగారి పేరును ఎవరైనా వంకరగా పలికితే మనకు ఎలా ఉంటుందో తలచుకోండి.

రెండో షరతు: వీడియో చూడవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. నేను ఈ కన్సెర్టోను మొదటిసారి వీడియోలోనే చూశాను. గిటారు విద్వాంసుడి వేళ్ల మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాను. అయిపోయాక, అసలు ఆ ప్రసిద్ధమైన రాగాన్ని మొదట పలికింది గిటారు కాదని కూడా నాకు తెలియలేదు. కళ్లు ముందు పరుగెత్తితే చెవి వెనకబడుతుంది.

మొదటి సాయంత్రం నేను పైన చెప్పిన సాధన చేయండి. తోడు ఎవరూ లేకపోతే ఫోనులో మీ మాటలు రికార్డు చేసి, మర్నాడు అవి వింటూ మీరే రాయండి. మీకు కంఠతా వచ్చిన గీతాన్నో, జంట వరుసనో తీసుకోండి. ఇందులో తెలిసేది ఒకటే: మనకు "వచ్చు" అనుకున్న దాంట్లో ఎంత భాగం వేళ్లకు మాత్రమే వచ్చో, ఎంత భాగం నిజంగా మనసులో నిలబడి ఉందో. రొద్రిగోకు మొత్తం మనసులో నిలబడి ఉండక తప్పలేదు.

ఆయన 1901 నవంబరు 22న వలెన్సియా ప్రాంతంలోని సగుంతోలో పుట్టారు. ఆ రోజు క్రైస్తవులు సంగీతానికి అధిదేవతగా కొలిచే సెయింట్ సిసీలియా పండుగ. మూడేళ్ల వయసులో ఊరిలో కంఠసర్పి, అంటే డిఫ్తీరియా వచ్చింది. ప్రాణం దక్కింది, చూపు దాదాపు పూర్తిగా పోయింది. కుటుంబం వలెన్సియా నగరానికి మారి, అబ్బాయిని అంధుల పాఠశాలలో చేర్పించింది. ఎనిమిదేళ్ల ప్రాయంలో స్వరశిక్షణ, వయొలిన్, పియానో మొదలయ్యాయి. పదహారో ఏట నుంచి హార్మొనీ, అంటే స్వరాలను ఒకేసారి కలిపి పలికించే శాస్త్రం, సంగీత రచన. అక్కడి కన్సర్వేటరీకి, అంటే సంగీత కళాశాలకు చెందిన ఫ్రాన్సిస్కో ఆంతిచ్ వంటి గురువుల దగ్గర నేర్చుకున్నారు. చూపు పోవడమే తనను సంగీతం దారిలో నడిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఆయన చదువులో గురువులతో సమానంగా చెప్పుకోవలసిన మనిషి ఇంకొకరున్నారు. పేరు రఫాయెల్ ఇబాన్యెస్. అబ్బాయికి తోడుగా ఉండడానికి కుటుంబం కుదిర్చిన మనిషి. చెయ్యి పట్టుకుని నడిపించారు, స్పానిష్ సాహిత్యం, తత్వం పుస్తకాలు గంటల తరబడి చదివి వినిపించారు, చెప్పింది రాసిపెట్టారు. తనకు లేని కళ్లను అరువిచ్చిన మనిషి అని రొద్రిగో ఆయనను తలచుకునేవారు. సంగీతకారుల జీవితచరిత్రల్లో ఇలాంటివారికి ఒక వాక్యం దక్కడమే ఎక్కువ. మా దగ్గరికి చూపులేని పిల్లలను తీసుకొచ్చి, పాఠం అయ్యేదాకా అరుగు మీద కూర్చునే తల్లులను చూసినప్పుడల్లా నాకు ఇబాన్యెస్ గుర్తొస్తారు.

రెండో సాయంత్రం బ్రెయిలీ స్వరలిపి గురించి కాస్త తెలుసుకోండి. నేర్చుకోనక్కరలేదు, దాని తర్కం తెలిస్తే చాలు. ఒక కాగితం మీద నిలువుగా మూడు, పక్కన మూడు, మొత్తం ఆరు చుక్కల గడి గీయండి. ఎడమ వరుసలో పై నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడి వరుసలో నాలుగు, అయిదు, ఆరు. పై నాలుగు చుక్కలు స్వరం పేరు చెబుతాయి. అడుగున ఉన్న రెండూ, అంటే మూడు, ఆరు, ఆ స్వరం ఎంతసేపో చెబుతాయి. ఒకటి, నాలుగు, అయిదు ఉబ్బితే డో అనే స్వరం. అడుగున ఏమీ లేకపోతే అది అర్ధమాత్ర. ఆరో చుక్క చేరితే ఒక మాత్ర. ఆరు బదులు మూడు ఉంటే రెండు మాత్రలు. రెండూ ఉంటే నాలుగు మాత్రలు. స్థాయి గుర్తు ఆ గడిలో ఉండదు, అవసరమైన చోట స్వరానికి ముందు వేరే గడిలో వస్తుంది. మా పిల్లలు మరిచిపోయే మాట అదే.

ఒక్కసారి ఆ గడిని తడిమినట్టు ఊహించుకోండి. మామూలు పాశ్చాత్య స్వరలిపిలో రాగం కొండలా ఎక్కడం, దిగడం కంటికి కనిపిస్తుంది. పది వాయిద్యాలు ఒకే క్షణంలో ఏం చేస్తున్నాయో ఒకదాని కింద ఒకటి కనిపిస్తుంది. బ్రెయిలీలో ఆ బొమ్మ లేదు. ఒక వేలి కింద ఒక గడి, ఆ తర్వాత ఇంకొక గడి, అంతే. పియానో పాఠమైతే కుడిచేతిది కొంత చదివి కంఠస్థం చేయాలి, ఎడమచేతిది చదివి కంఠస్థం చేయాలి, ఆ తర్వాతే రెండూ కలపాలి. చదువుతూ రెండు చేతులా వాయించడం కుదరదు. కాబట్టి బ్రెయిలీలో చదివిన ప్రతి రచనా మనసులోకి వెళ్లి తీరుతుంది. పాఠం కాగితం మీద కాదు, నోట్లో ఉండాలని మన గురువులు అనేవారు. ఇక్కడ ఆ మాట నియమం కూడా కాదు, ఉన్న దారి అదొక్కటే.

స్పెయిన్‌లో స్వరాలను డో, రె, మి అంటారు. మన సరిగమల్లాగే నోటికి పట్టే పేర్లు. "రె, నెగ్రా" అంటే ఒక మాత్ర రె. ఇలా చెబుతూ పోవాలి.

ఇక మూడో సాయంత్రం నేరుగా కన్సెర్టో రెండో భాగానికి వెళ్లండి. అదాజియో, అంటే నెమ్మదైన నడక, అని రాసి ఉంటుంది, పది, పదకొండు నిమిషాలు ఉంటుంది. అంతా వినవద్దు. మొదటి రెండు, మూడు నిమిషాలే అయిదారు సార్లు వినండి.

మొదట గిటారు మెల్లగా, వేళ్లు జార్చి తీగలన్నీ కలిపి మీటుతుంది. అది రాగం కాదు, ఆధారం. కచేరీ మొదలయ్యే ముందు తంబురా గదిని నింపినట్టు. ఆ తర్వాత కార్ ఆంగ్లే వస్తుంది. ఓబో కుటుంబంలోది, మన సన్నాయి లాగే జంట రెల్లు పీకతో ఊదే వాయిద్యం, కానీ గొంతు ఇంకా లోతుగా, కొంచెం తడిగా ఉంటుంది. రాగాన్ని మొదట పలికేది అదే. అది ఒక వాక్యం ముగించాక గిటారు అదే వాక్యాన్ని అందుకుంటుంది, తన గమకాలతో, తన చిన్న చిన్న తిరుగుళ్లతో. గాయకుడు ఆలాపన ముక్క పాడి ఆగితే వయొలిన్ విద్వాంసుడు దాన్ని తన విల్లు మీద చెప్పడం మనం రోజూ వింటున్నదే. అక్కడ జరుగుతున్నదీ దాదాపు అదే. ఈ ఒక్క పోలిక చెవికి అందితే మిగతా భాగం ఎక్కడా పరాయిగా అనిపించదు.

మీరు స్వరజ్ఞానం ఉన్నవారైతే రాగాన్ని సరిగమల్లో పట్టుకోండి. మొదలు ఎంత పొదుపుగా ఉందో చూడండి: షడ్జమం, కింద కైశికి నిషాదం, మళ్లీ షడ్జమం. అక్కడ ఆగుతుంది. ఆ భాగం మూల శ్రుతి బి మైనర్, స్వరస్థానాలు ప్రధానంగా మన నఠభైరవి రాగానివే. అలాగని దాన్ని నఠభైరవి అనేయకండి. రాగం అంటే స్వరస్థానాల జాబితా కాదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా. స్వరాలు పట్టుకోవడానికి అదొక ఊతకర్ర, అంతవరకే.

ఈ భాగం గురించి ఒక కథ చాలామంది చెబుతారు, స్పెయిన్ అంతర్యుద్ధంలో గేర్నికా పట్టణం మీద బాంబులు వేసినప్పుడు రాసినదని. నమ్మకండి. రొద్రిగో భార్య విక్టోరియా కామి రాసిన ఆత్మకథ వేరే సంగతి చెబుతుంది. ఆమె ఇస్తాంబుల్‌లో పుట్టిన పియానో విద్వాంసురాలు. ఇద్దరికీ పారిస్‌లో పరిచయం, 1933 జనవరిలో వలెన్సియాలో పెళ్లి. పెళ్లయ్యాక డబ్బు లేక కొంతకాలం విడివిడిగా బతకవలసి వచ్చింది. 1934లో, పేరున్న స్పెయిన్ స్వరకర్త మాన్యుయెల్ దె ఫాయా కూడా అండగా నిలవడంతో, రొద్రిగోకు స్కాలర్‌షిప్ వచ్చి మళ్లీ కలిశారు. 1936లో అంతర్యుద్ధం మొదలై ఆ డబ్బు ఆగిపోయింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో అంధుల సంస్థలో పాఠాలు చెబుతూ తలదాచుకున్నారు. 1939లో, ఈ కన్సెర్టో రాస్తున్న రోజుల్లో, కడుపులోని మొదటి బిడ్డను పోగొట్టుకున్నారు. కొత్త దంపతులుగా అరన్‌హ్వేత్ తోటల్లో తిరిగిన రోజుల జ్ఞాపకం, ఈ దుఃఖం, రెండూ ఆ అదాజియోలో ఉన్నాయని ఆమె రాశారు. ఇది తెలిసిన తర్వాత వింటే, చివర గిటారు ఒంటరిగా చాలాసేపు వాయించి, ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా రాగాన్ని ఎత్తుకునే చోటు వేరుగా వినిపిస్తుంది. కానీ మొదటిసారి కథ లేకుండా వినండి. అందుకే స్వరాల మాట ముందు చెప్పి, కథ తర్వాత చెప్పాను.

నాలుగో సాయంత్రం మొదటి భాగం. ఆరు నిమిషాలు. ఇక్కడ లయే అంతా. ఆరు చిన్న మాత్రల ఆవర్తనం అనుకోండి. "తకిట తకిట" అంటే మూడేసి రెండు. "తక తక తక" అంటే రెండేసి మూడు. కొలత రెండింటికీ ఒకటే, నడక వేరు. రొద్రిగో ఈ రెండు నడకలనూ మార్చి మార్చి వేస్తారు. ఇది స్పెయిన్ జానపద నాట్యాల్లోంచి వచ్చిన అలవాటు. గిటారు ఒంటరిగా మొదలుపెడుతుంది. దానితో పాటు నోటితో కొన్నకోల్, అంటే ఆ తకిట, తక జతులు, చెప్పండి. ఎక్కడ తకిట తెగి తకలోకి జారిందో నోటికి ముందు తెలుస్తుంది, చెవికి తర్వాత తెలుస్తుంది. మా పిల్లల్లో మృదంగం నేర్చుకుంటున్న అమ్మాయి రెండోసారికే పట్టేసింది. మూడో భాగంలో రెండు, మూడు మాత్రల ఆవర్తనాలు కలగలిసి వస్తాయి. నాలుగో సాయంత్రం కుదిరితే దాన్ని కూడా ఇలాగే చెప్పి చూడండి.

ఇప్పుడు ఆయన చదువులో రెండో సగం మాట. 1927లో రొద్రిగో పారిస్ వెళ్లి, ఎకోల్ నార్మాల్ అనే సంగీత పాఠశాలలో పాల్ ద్యుకా దగ్గర అయిదేళ్లు నేర్చుకున్నారు. ద్యుకా ఆర్కెస్ట్రా రంగులు తెలిసిన మహా గురువు, తన రచనలనే నిర్దాక్షిణ్యంగా చింపేసిన మనిషి. ఆయన దగ్గర రొద్రిగో ఏం నేర్చుకున్నారో కన్సెర్టో విని తెలుసుకోవచ్చు. గిటారు గొంతు చిన్నది. మీటిన మరుక్షణం నుంచే నాదం తగ్గిపోతుంది. ఆర్కెస్ట్రా కాస్త గట్టిగా ఊపిరి పీల్చినా అది మునిగిపోతుంది. అందుకే ఆ రోజుల్లో గిటారుతో కన్సెర్టో అంటేనే చాలామందికి సందేహం. 1938 సెప్టెంబరులో సాన్ సెబాస్తియన్‌లో భోజనాల దగ్గర గిటారు విద్వాంసుడు రెహీనో సాయిన్‌త్ దె లా మాసా ఈ ఆలోచన ముందు పెట్టినప్పుడు రొద్రిగో ఒప్పుకున్నారు. ఒకటి గమనించండి, ఆయనకు గిటారు వాయించడం రాదు.

ఆయన ఆ చిక్కును ఎలా విప్పారో వినడానికి ఒక పని చేయండి. కాగితం మీద గిటారుకు ఒక గీత గీయండి. అది వాయిస్తున్న ప్రతిసారీ, ఇంకా ఎన్ని వాయిద్యాలు వినిపిస్తున్నాయో గీత కింద అంకె వేయండి. ఒకటి, రెండు, సున్నా, మళ్లీ ఒకటి, ఇలాగే ఉంటాయి అంకెలు. ఒక ఓబో పలుకు, కొన్ని వయొలిన్ల మీటు, అంతే. గిటారు ఆగిన చోట అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. అంటే ఆర్కెస్ట్రా అంతా అక్కడే కూర్చుని ఉంది, కాని గిటారు మాట్లాడేటప్పుడు తల వంచుకుని వింటోంది. మొత్తం బృందంలో ట్రాంబోన్లనే గట్టి గొంతు ఇత్తడి వాయిద్యాలు లేవు, టింపనీ అనే పెద్ద డోళ్లు లేవు. ఒక్కొక్క స్వరాన్నీ నోటితో చెప్పి రాయించవలసిన మనిషి అనవసరమైన స్వరం ఒక్కటీ పెట్టడని నాకు నమ్మకం. దీన్ని ఎవరో పుస్తకంలో రాశారని చెప్పడం లేదు, పిల్లల చేత రాయించి రాయించి నాకు కలిగిన అభిప్రాయం.

1939 సెప్టెంబరులో, ఐరోపాలో యుద్ధం మొదలవుతున్న రోజుల్లోనే, భార్యాభర్తలు ఆ రాతప్రతితో స్పెయిన్ చేరుకున్నారు. 1940 నవంబరు 9న బార్సెలోనాలో సాయిన్‌త్ దె లా మాసా దాన్ని మొదటిసారి వాయించారు. ఆ తర్వాతి ఖ్యాతి మీకు ఎక్కడైనా దొరుకుతుంది.

ఎవరి రికార్డింగు వినాలి? గిటారు విద్వాంసులు నార్సీసో యేపెస్ వాయించినది ఒకటి, జూలియన్ బ్రీమ్‌ది ఒకటి. యేపెస్ దగ్గర స్పష్టత, బ్రీమ్ దగ్గర రంగులు. ఆ తర్వాత పాకో దె లుసియా 1991లో వాయించినది. ఆయన దక్షిణ స్పెయిన్ సంప్రదాయ సంగీతమైన ఫ్లమెంకోలో పుట్టి పెరిగినవారు, స్వరలిపి ఆయన దారి కాదు. అయినా ఈ రచనను నేర్చుకుని, తొంభయ్యో ఏట ఉన్న రొద్రిగో ఎదుటే వాయించారు. లయ మీద ఆయనకున్న పట్టు కోసం మొదటి భాగం అక్కడే వినండి.

ఇది పూర్తయ్యాక వెంటనే ఆయన ఇతర కన్సెర్టోల మీదికి దూకవద్దు. ముందు ఒంటరి గిటారు కోసం రాసిన చిన్న రచనలు రెండు. గిటారుకు ఆయన రాసిన మొదటిది 1926 నాటి "సరబాందా లెహానా". నెమ్మదైన పాతకాలపు నాట్యం. తర్వాత 1961 నాటి "ఇన్వొకాసియోన్ ఇ దాన్సా", ఫాయాకు నివాళి. ఫాయా సంగీతపు ముక్కలు అందులో పొగమంచులో నీడల్లా కదులుతాయి. దీనికి తొందర వద్దు, వారం తర్వాత మళ్లీ వినండి. ఆ పైన 1954లో గిటారు విద్వాంసుడు ఆంద్రేస్ సెగోవియా కోసం రాసిన "ఫాంతాసియా పారా ఉన్ హెంతిలొంబ్రె". పదిహేడో శతాబ్దపు గిటారు విద్వాంసుడు గాస్పర్ సాన్స్ రచనలు దానికి పునాది.

గురువులకు ఒక మాట. మీ దగ్గర చూపులేని శిష్యులు ఉంటే, చెప్పి రాయించే సాధనలో వాళ్లను చెప్పేవారిగానే కాక రాసేవారిగానూ ఉంచండి, బ్రెయిలీలో రాయనివ్వండి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని చూపు సరిగా లేదని చిన్నప్పుడు బడి మాన్పించారు. విజయనగరం ఆయన్ని ఆచార్యుణ్ని చేసి నిలబెట్టుకుంది. మన నేలకు ఇది కొత్త సంగతి కాదు.

గత ఏడాది పన్నెండేళ్ల కుర్రాడు ఒకడు చేరాడు. పుట్టుకతో చూపు లేదు. మలహరి గీతం వంతు వచ్చినప్పుడు నేను గడియారం చూసుకున్నాను. "మధ్య స్థాయి మధ్యమం, ఒక అక్షరం. పంచమం, ఒకటి. ధైవతం, ఒకటి. ఇక్కడి నుంచి పై స్థాయి" అన్నాడు. ఒక నిమిషం దాటలేదు. ఎదుటి పిల్ల పెన్సిలే వెనకబడింది. ఆ తర్వాత వాడికి అదాజియో మొదలు వినిపించాను, మూడుసార్లు. వాడు ఏమీ అనకుండా ఆ పిల్ల వైపు తిరిగి, "రాసుకో, షడ్జమం" అన్నాడు.